పదహారో ముక్క

బస్సు ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన మూడో రోజునే మా ఆయన కారు బానెట్ ఎత్తాడు. ఎందుకు మానేశావని అడిగిన ప్రతివాళ్ళకీ "నడుం నొప్పి" అని చెప్పాడు. నాకూ అదే చెప్పాడు. నడుం నొప్పి మనిషి పొద్దున్న ఆరింటికే ఇంజన్ మీద వంగి, భోజనానికి పిలిస్తే తప్ప లేవకపోతే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు అనుమానంతో పనిలేకపోయింది. అసలు సంగతి అప్పటికే తెలుసు.

ఉతకడానికి తీసిన ఖాకీ చొక్కా జేబులో కళ్ళ డాక్టరు రాసిన కాగితం దొరికింది. నాలుగు మడతలు. చూపు పక్కల నుంచి కుంచించుకుపోతోందనీ, ఎడమవైపు మరీ తక్కువనీ, ఇక బండి నడపకూడదనీ అందులో ఉంది. ఎదురుగా ఉన్నది మాత్రం సూది బెజ్జంతో సహా కనిపిస్తుందట. నేను ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు మడిచి, చొక్కా ఉతక్కుండానే మళ్ళీ కొక్కేనికి తగిలించాను.

ముప్ఫై ఏళ్ళుగా తాళ్ళ కొట్టు నడుపుతున్నదాన్ని. ఎవరి మూట వాళ్ళనే విప్పనివ్వాలన్నది నా పద్ధతి. మనం తొందరపడి విప్పితే ఎదుటివాడు బిగుసుకుంటాడు, బేరం చెడుతుంది. కొట్లో ఈ పద్ధతి నన్నెప్పుడూ ముంచలేదు. ఇంట్లోనూ పనికొస్తుందనుకోవడం ఆ వేసవిలో నేను చేసిన మొదటి పొరపాటు.

కారు మా పెళ్ళికంటే పాతది. బస్సు ఎక్కకముందు ఆయన ఎవరి దగ్గర డ్రైవరుగా చేశాడో, ఆ ముసలి కాంట్రాక్టరు పోతూ పోతూ రాసిచ్చాడు. ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంటుంది. మా వదిన, అంటే ఆయన అక్క, మా ఇంట్లోనే ఉండి బట్టలు కుడుతుంది. కారును ఆవిడ "నీ సవతి" అంటుంది. "సవతికి దగ్గొచ్చిందమ్మా, పొద్దున్నుంచీ టిక్కుటిక్కుమంటోంది," అంది మిషను తొక్కుతూనే.

నిజంగానే టిక్కుటిక్కుమంటోంది. ఎత్తు ఎక్కాలంటే ఆయాసపడుతోంది. ఆయన మూత విప్పి చూశాడు. వాల్వులను మూసిపెట్టే స్ప్రింగులు ఎనిమిది ఉంటాయి. అందులో ఒకటి విరిగింది, మిగతావి నీరసించాయి.

"ఎనిమిదీ మార్చేస్తాను. ఇంజన్ తల విప్పక్కర్లేదు, పైనుంచే మార్చొచ్చు," అన్నాడు ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర.

"అంత తొందరేముంది? ఎక్కడికి పోవాలని?"

"బళ్ళు తెరిచిన రోజు నుంచి మన వీధి పిల్లలు ఆరుగుర్ని కార్లో దింపుతానని ఒప్పుకున్నాను. వాళ్ళ అమ్మానాన్నలు కూడా సరేనన్నారు."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "మరి నడుమో?"

"బస్సు సీటు వేరు, కారు సీటు వేరు," అంటూ నీళ్ళ గ్లాసు ఎడమ పక్కన పెట్టాడు. బల్ల అంచు మీద పెట్టాడు, సగం గాల్లో. అది పడింది.

"గ్లాసుకి కూడా నడుం నొప్పా?" అంది వదిన. ఆయన నవ్వాడు. నేను నేల తుడిచాను. బళ్ళు తెరవడానికి నాలుగు వారాలుంది.

ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. కొట్లో కూర్చుంటే ఇంటికెళ్ళాలనిపించేది, ఇంటికొస్తే షెడ్డు చుట్టూ తిరగబుద్ధయ్యేది. ఒకడికి పన్నెండు బారల తాడు కొలిచి ఇవ్వాల్సింది, పద్నాలుగు కొలిచాను. నా చేత్తో ఎక్కువ పడటం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. వాడు మారు మాట్లాడకుండా చుట్ట భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

స్ప్రింగుల కోసం ఆయనతో పాటు నేనూ బయల్దేరాను. "నీకెందుకు, కొట్టు మూసుకుని?" అన్నాడు. "బేరం మీకు చేతకాదు," అన్నాను. అదీ అబద్ధం కాదు. దారిలో సందు మలుపులో ఎడమవైపు నుంచి సైకిలొకటి వచ్చి ఆయన మోచేతిని రాసుకుంటూ పోయింది.

"చూసుకోవద్దా పెద్దాయనా?" అన్నాడు సైకిలువాడు.

"వెనకనుంచి వచ్చాడు చూడు, ఎంత పొగరో," అన్నాడు మా ఆయన నాతో. సైకిలు పక్కనుంచి వచ్చింది. సందు పొడుగునా వస్తూనే ఉంది. అది పది అడుగుల దూరంలో ఉన్నప్పటి నుంచీ నేను చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడైనా మూట విప్పుతాడేమోనని ఆయన మొహం చూశాను. మోచెయ్యి రుద్దుకుంటూ, స్ప్రింగుల గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

పాత సామాన్లు అమ్మే ముసలాయన్ని అందరూ మరమేకు అంటారు. ఏ మాటా తిన్నగా దిగదు, తిప్పి తిప్పి దించుతాడు. బీరువా అడుగునుంచి నూనె కాగితం పొట్లం తీసి, "పదేళ్ళుగా ముట్టుకున్న మనిషి లేడు. ఇవి పోతే ఇంకెక్కడా దొరకవు. అసలు అమ్మాలనే లేదు," అన్నాడు.

"అమ్మాలని లేకపోతే పొట్లం ఎందుకు విప్పుతున్నారు?" అన్నాను.

ఎనిమిదింటినీ అద్దం బల్ల మీద వరసగా నిలబెట్టమన్నాను. నేను వంగి, కన్ను బల్ల ఎత్తుకి పెట్టి చూశాను. మూడోది మిగతావాటికంటే వెంట్రుకంత పొట్టి.

"ఇది కూర్చుండిపోయింది. ఇంకోటి తియ్యండి."

మరమేకు మా ఆయన వైపు తిరిగాడు. "అమ్మగారు కార్లు కూడా చూస్తారా?"

"తాళ్ళు చూస్తుంది. ఏది సాగిందో, ఏది ఇంకా బరువు మోస్తుందో చెప్పగలదు," అన్నాడు మా ఆయన. ఆ గొంతులో గర్వం ఉంది. మంచి స్ప్రింగులు ఏరి ఇస్తున్నది నేనే. ఏ ప్రయాణం జరక్కూడదని నేను కోరుకుంటున్నానో దానికి సామాను సమకూరుస్తున్నదీ నేనే. చెడ్డది ఏరి ఇద్దామంటే చెయ్యి రాలేదు. తెలిసి నాసిరకం సరుకు ఎవరికీ ఇవ్వనిదాన్ని, ఆయనకెలా ఇస్తాను?

మర్నాడు మా ఆయన కొట్టుకొచ్చి, "మెత్తటి నూలు తాడు రెండు బారలు కావాలి," అన్నాడు.

"దేనికి?"

"స్ప్రింగు తీసేస్తే వాల్వు ఇంజన్లోకి జారిపోతుంది. పోతే తల మొత్తం విప్పాల్సిందే. అందుకని ప్లగ్గు విప్పి ఆ కంతలోంచి తాడు కూరతాం. కింద నుంచి ఇంజన్ని చేత్తో తిప్పితే పిస్టన్ పైకొచ్చి, ఆ తాడుని వాల్వుకి ఒత్తి పట్టుకుంటుంది. ఇక స్ప్రింగు తీసినా అది కదలదు."

పేనిన తాడు పోగులు వదులుతుంది. నైలాను జారుతుంది. అల్లిన నూలు తాడు ఇచ్చాను. చివర పెద్ద ముడి వేశాను, పొరపాటున కూడా మొత్తం లోపలికి పోకుండా. ఆ ముడి చూసి, "నీ బుర్రే బుర్రోయ్," అన్నాడు.

నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి రెండు వాల్వులు. ప్రతి స్ప్రింగునూ పైన ఒక టోపీ పట్టి ఉంచుతుంది, ఆ టోపీని రెండు చిన్న ముక్కలు పట్టి ఉంచుతాయి. లాకులంటారు. ఉంగరాన్ని సగానికి కోసినట్టుంటాయి, ఒక్కోటి గోరంత. మొత్తం పదహారు. స్ప్రింగుని పనిముట్టుతో అణిచిపెట్టి ఆ ముక్కలు ఏరడం, కొత్తది పెట్టి మళ్ళీ కూర్చడం, అంతా వేలి కొసల పని. ఆయన కోడిగుడ్ల అట్ట ఒకటి ఎడమ పక్క స్టూలు మీద పెట్టుకుని, ఏ వాల్వు ముక్కలు ఆ గుంటలో వేసుకునేవాడు. చెయ్యి అలవాటు మీద వెళ్ళేది, చూసుకోనక్కర్లేకుండా.

వయసు పదేళ్ళు తగ్గినట్టుండేవాడు. మొదటి సిలిండరు అయిన రోజు ఈలవేశాడు. రెండోది అయిన రోజు మా వదినకి సూదిలో దారం ఎక్కించి ఇస్తూ, "అక్కా, మొదటి ట్రిప్పు నిన్నే ఎక్కిస్తాను," అన్నాడు. సూదుల్లో దారం ఎక్కించడం ఆ ఇంట్లో ఎప్పుడూ ఆయన పనే. ఆవిడ కళ్ళకు దగ్గరిది ఆనదు. ఈయనకు పక్కది ఆనదు. ఒకరి సంగతి ఇల్లంతా తెలుసు, ఇంకొకరిది జేబులో ఉంది.

నేను మాత్రం ఒక్కో సిలిండరూ పూర్తయిన కొద్దీ కాలు కాలినదానిలా తిరిగాను. రెండు వారాలే మిగిలాయి.

మూడో సిలిండరు రోజు మధ్యాహ్నం మజ్జిగ తీసుకెళ్ళాను. ఎడమవైపు నిలబడ్డాను. ఆయన ఇంజన్ మీద వంగి ఉన్నాడు. "చూడవే, ఇలా నొక్కితే ఎలా లొంగుతోందో," అంటున్నాడు. నేను చెయ్యి చాపాను. గ్లాసు ఇవ్వడానికి కాదు. గ్లాసు రెండో చేతిలో ఉంది. వట్టి చెయ్యి ఆయన భుజం పక్కన, జానెడు దూరంలో ఆడించాను. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. చెయ్యి దించి అట్ట మీద పెట్టాను. గుంటలో రెండు ముక్కలున్నాయి. ఒకటి తీశాను. వేళ్ళ మధ్య పట్టుకుని, ఆయన చెవి పక్కన కాసేపు అలాగే ఉంచాను.

"మజ్జిగ తెచ్చానండీ," అన్నాను.

ఆయన ఉలిక్కిపడి తల తిప్పాడు. "ఎప్పుడొచ్చావు?"

అప్పటిదాకా ఎవరితో మాట్లాడుతున్నాడో నేను అడగలేదు. గుమ్మంలో ఉన్నాననుకున్నాడేమో. ఆ ముక్క గుప్పిట్లో పెట్టుకుని కొట్టుకి వెళ్ళిపోయి, గోనె సూదుల డబ్బాలో వేశాను.

దొంగతనమని అప్పుడనిపించలేదు. మంచి బేరమనిపించింది. గోరంత ముక్క పెడితే ఆరుగురు పిల్లలూ, వాళ్ళతో పాటు మా ఆయనా క్షేమం. ఒక్క మాట నొచ్చుకునేలా అనక్కర్లేదు. కొత్త ముక్క మరమేకు దగ్గర దొరుకుతుంది, నిజమే. కానీ పోయింది ఎక్కడుందో తెలియకుండా ఆయన ఇంజన్ స్టార్ట్ చెయ్యడని నాకు తెలుసు. లోపల ఇనప ముక్క తిరుగుతుంటే ఇంజన్ నుగ్గయిపోతుంది. ఆ మనిషి జాగ్రత్త మీదే నేను పందెం కాశాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి షెడ్డులో నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఒక లాకు పోయింది," అన్నాడు.

"ఎక్కడో పడి ఉంటుంది లెండి."

"గుంటలోనే వేశాను. వేశాననే అనుకుంటున్నాను." లేచి కూర్చున్నాడు. "నూనె దిగే కంతలున్నాయి పక్కనే. లోపలికి పోయిందేమో."

మర్నాడు నూనె మొత్తం దించి, పాత గుడ్డలో వడపోశాడు. ఏమీ లేదు. ఆ మర్నాడు ఇంజన్ అడుగు తొట్టి విప్పాడు. కడ్డీకి అయస్కాంతం కట్టి ప్రతి మూలా కెలికాడు. షెడ్డు నేల మీద మట్టి జల్లెడ పట్టాడు. అట్టను చింపి చూశాడు. నాలుగో రోజు చెప్పులు కూడా తిరగేశాడు. నేను భోజనానికి పిలిస్తే, "అది ఎక్కడో లోపలే ఉంది. నన్ను చూసి నవ్వుతోంది," అన్నాడు.

ఏడో రోజుకి వెతకడం మానేశాడు. బానెట్ ఎత్తే ఉంది, ఆయన అరుగు మీద కూర్చుని తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

కావలసింది ఇదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కారు కదలదు. పిల్లలు ఎప్పటిలా నడిచి పోతారు. ఆయనా క్షేమంగా ఇంట్లో ఉన్నాడు. అన్నీ నేను అనుకున్నట్టే అయ్యాయి, అయినా గోనె సూదుల డబ్బా తెరవాల్సి వచ్చినప్పుడల్లా పక్క కొట్టు నుంచి సూది అడిగి తెచ్చుకుంటున్నాను.

ఆ సాయంత్రం వదిన సూదీ దారం పట్టుకుని అరుగు మీదకొచ్చింది. "ఒరేయ్, ఇది ఎక్కించిపెట్టు. బొత్తాలు మిగిలిపోయాయి."

ఆయన చెయ్యి చాపలేదు. "ఇంకెవరినైనా అడుగక్కా. నా చేతులు పోయాయి."

"చేతులు పోవడమేంట్రా?"

"ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన చేతులు. గోరంత ముక్క ఎక్కడ పెట్టాయో తెలియట్లేదు. కళ్ళు..." అని ఆగాడు. "ఏది పోయినా చేతులైనా మిగిలాయనుకున్నాను."

వదిన నా వైపు చూసింది. నేను గుమ్మంలో ఉన్నాను. ఆవిడ దారాన్ని తనే నాలుకతో తడిపి, బెజ్జం పక్కనుంచి పొడుస్తూ కూర్చుంది. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. ఆయన కళ్ళముందే. ఆయన చేతులు ఒళ్ళో అలాగే ఉన్నాయి.

నేను కొనుక్కున్నది ఒకటి, మూటలో వచ్చింది ఇంకొకటి. ఆయన చూపు పోతోందని చెప్పే ధైర్యం లేక, ఆయనకు మిగిలిన ఒక్కదాన్నీ పోగొట్టాను.

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచి, డబ్బాలోంచి ఆ ముక్క తీసుకుని తిరిగొచ్చాను. ఆయన అరచేతిలో పెట్టాను.

దాన్ని బొటనవేలితో రుద్ది చూశాడు. "ఎక్కడ దొరికింది?"

"దొరకలేదు. నేనే తీశాను."

ఆయనకి అర్థం కాలేదు. "ఎప్పుడు?"

"మజ్జిగ తెచ్చిన రోజు. మీరు వంగి మాట్లాడుతున్నారు. మీ ఎడమ పక్కనుంచి తీశాను. మీ చెవి దగ్గర పట్టుకుని నిలబడ్డాను కూడా."

కోప్పడతాడనుకున్నాను. ఒంటికాలి మీద లేస్తే బాగుండుననుకున్నాను. ఆయన లేచి, షెడ్డులోకి వెళ్ళి, స్టూలు సరిచేసి, కొత్త గుడ్ల అట్ట ఒకటి తెచ్చి దానిమీద పెట్టాడు. ముక్కను గుంటలో వేశాడు. ఇంజన్ ముందు, ఆ రోజు ఎలా వంగాడో అలాగే వంగాడు.

"మళ్ళీ తియ్యి," అన్నాడు.

"ఏమండీ..."

"తియ్యవే."

తీశాను.

"తీశావా?"

"తీశాను."

"ఇప్పుడెక్కడుంది నీ చెయ్యి?"

"మీ చెవి పక్కన."

"మెల్లగా ముందుకు తీసుకురా. కనిపించినప్పుడు చెప్తాను."

చెవి దాటించాను. చెంప దాటించాను. ఆయన రెప్ప వెయ్యకుండా ఎదురుగా చూస్తున్నాడు. నా చెయ్యి ఆయన ముక్కు సూటికి రావడానికి నాలుగు వేళ్ళు మిగిలి ఉండగా, "ఇదిగో," అన్నాడు. నా మణికట్టు పట్టుకుని అక్కడే ఆపాడు. రెండో చేత్తో తన చెవి దగ్గర నుంచి నా చేతిదాకా జాన వేసి కొలిచాడు. ఒక జాన, పైన రెండు వేళ్ళు.

"డాక్టరు ఏవో దీపాలు చూపించాడు. కుర్రవాడు, యంత్రం మీదే ఆధారపడతాడు, వాడికేం తెలుసనుకున్నాను," అన్నాడు. నా మణికట్టు వదిలి, "స్టాపులో ఒకావిడ అరిచింది ఒకరోజు. బ్రేకు వేశాను. ఏమీ కాలేదు. తర్వాతే పరీక్షకి పంపారు," అన్నాడు.

"కాగితం చూశాను."

"ఎప్పుడు?"

"మొదటి రోజే."

తల ఊపాడు. మూడు వారాలకు పైగా ఎవరి మూట వాళ్ళం పట్టుకుని కూర్చున్నామని ఇద్దరికీ అర్థమైంది. దాని గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు.

"అట్ట నువ్వు పట్టుకో. నా ఎదురుగా," అన్నాడు.

మూడో సిలిండరు ఆ పూటే అయింది, నాలుగోది మర్నాడు. అడుగు తొట్టి బిగించి నూనె పోశాం. తాళం తిప్పితే మొదట ఒకసారి ఉక్కిరిబిక్కిరై, అందుకుంది. టిక్కుటిక్కు లేదు. ఆయన కళ్ళు మూసుకుని, చెవి ఒగ్గి, ఒక చెయ్యి మడ్గార్డు మీద ఆనించి విన్నాడు. వదిన మిషను ఆపి గుమ్మంలోకొచ్చింది. "సవతికి దగ్గు తగ్గింది," అంది. ఆయన ఇంజన్ ఆపి, తాళంచెవి గూట్లో పెట్టి, ఆవిడ చేతిలోంచి సూది లాక్కుని దారం ఎక్కించాడు. ఒక్కసారికే.

సాయంత్రం ఆరిళ్ళకీ తనే వెళ్ళాడు. నేను ఎడమ పక్కన నడిచాను. ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట చెప్పాడు: "కారు బాగానే ఉందండీ. నాకే బాగాలేదు. పక్కచూపు పోయింది." మొదటి ఇంట్లో గడప బయటే నిలబడి, నేల చూస్తూ చెప్పాడు. ఆరో ఇంటికి వచ్చేసరికి, "మీ వాణ్ణి నాకు ఎడమవైపు నడవొద్దని చెప్పండి, తొక్కేస్తాను," అని నవ్వించి వచ్చాడు.

వానలు మొదలయ్యాక నాకు కారు నడపడం నేర్పాడు. పక్క సీట్లో కూర్చుని రోడ్డు చూసేవాడు కాదు, ఇంజన్ వినేవాడు. "ఇప్పుడు గేరు మార్చు. ఇప్పుడు కాదు, ఇందాకే అడిగింది అది. వినపడలేదా?" నేను గేరు కరకరలాడిస్తే తన పళ్ళు నూరుకునేవాడు. చలికాలానికి నాకు లైసెన్సు వచ్చింది. తాళ్ళ చుట్టలు వెనక సీట్లో వేసుకుని నేను తోలుతుంటే, వదిన ముందు సీట్లో మా ఇద్దరి మధ్యా కూర్చుని దారిన పోయేవాళ్ళకి చెయ్యి ఊపేది.

నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఇదంతా ఎవరికీ చెప్పలేదు కూడా. ఇప్పటికీ బానెట్ ఎత్తితే విప్పిన ప్రతి నట్టూ, ప్రతి బోల్టూ ఆ అట్ట గుంటల్లోనే వేసుకుంటాడు. బిగించే ముందు నన్ను పిలిచి, పైకి లెక్కపెట్టి, "చూసుకున్నావుగా?" అంటాడు. "చూశాను," అంటాను.

అట్టను మాత్రం ఇప్పుడు కుడి పక్కన పెట్టుకుంటాడు.